అత్తమ్మ బర్రె చీర

"ఇయ్యాల పాలు రావు. మా అత్తమ్మ పోయింది."

పోయిన నెలలో ఒక పొద్దున, మేము పాలు పోసే ఇళ్ళకు ఫోన్ చేసి ఈ మాట చెప్పింది నేనే. చుట్టాలకంటే ముందు వాళ్ళకే చెప్పాను. గిన్నెలు కడిగి పెట్టుకుని ఎదురుచూసేవాళ్ళు కదా. ఒకావిడ "అయ్యో" అని, "మరి బర్రె?" అని అడిగింది. నాకు కోపం రాలేదు. అత్తమ్మ ఉండి ఉంటే ఆమె కూడా మొదట అదే అడిగేది.

బాన్సువాడలో బోధన్ రోడ్డు మీంచి లోపలికి వస్తే మా ఇల్లు. ఇంటి పక్కన కొట్టం, కొట్టంలో ఒక బర్రె. నేను బడిలో పాఠాలు చెప్తాను, మా ఆయన పొలం చూసుకుంటాడు. పాల సంగతి మొత్తం అత్తమ్మది. ఆమె గురించి రాయాలంటే ముందు ఆమె ముక్కు గురించి రాయాలి.

అత్తమ్మకు సెంటు పడేది కాదు. ఇష్టం లేకపోవడం ఒక్కటే కాదు, నిజంగానే ఒంటికి పడేది కాదు. ఎవరైనా గుప్పుమనే సెంటు కొట్టుకుని పక్కన కూర్చుంటే కాసేపటికే కణతలు పట్టుకునేవి, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర సెంటు నీళ్ళు చల్లే పిల్లలు కనిపిస్తే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వంటలు చేసే వైపు నుంచి లోపలికి పోయేది. మొదట్లో పెళ్ళివాళ్ళు చిన్నబుచ్చుకునేవారు. తర్వాత తర్వాత వాళ్ళే "అవ్వ గిటుకెల్లి వస్తది, తొవ్వ ఇడువుర్రి" అని వంటవాళ్ళకు చెప్పి ఉంచేవారు. ఒకసారి పిట్లంలో ఉన్న కూతురింటికి పోదామని ఆటో ఎక్కింది. అద్దం దగ్గర వేలాడుతున్న సెంటు డబ్బాను చూసి, మాట్లాడకుండా దిగి, బస్సు కోసం ఎండలో నిలబడింది.

ఇటువంటి ఇంటికి నేను కోడలిగా వచ్చాను. నిజామాబాద్‌లో పెరిగిన పిల్లను. కొత్త కాపురానికి తెచ్చిన సూట్‌కేసు తెరవగానే ఇల్లంతా గుబాళించింది. నేను మురిసిపోతున్నాను, వాకిట్లో అత్తమ్మ తుమ్ముతోంది. ఒకటా రెండా! నేను భయపడి బయటికి వస్తే, ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

"ఏం గాదు బిడ్డా. నీ పెట్టె మంచిగనే ఉన్నది. నా ముక్కే మంచిగ లేదు."

ఆ మాటతో నేను ఆమెకు సగం పడిపోయాను. మిగతా సగం పడడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, ఎందుకంటే నేనూ తక్కువదాన్ని కాను. బట్టలు పిండాక ఆఖరి నీళ్ళలో కలిపే ఘుమఘుమలాడే రంగు ద్రవం ఉంటుంది చూడండి, అది లేకపోతే నాకు ఉతికినట్టే ఉండదు. అత్తమ్మ వద్దనలేదు. వారం తిరిగేసరికి పెరట్లో రెండో తీగ కట్టించింది.

"గాలి గిటుకెల్లి గటు పోతది. నీ బట్టలు గా కొసకు ఎయ్యి. నీ సెంటు కాలువ దిక్కు పోతది, చేపలు సంబురపడతయి."

ఒక తీగ మీద ఆమె చీరలు, కుంకుడుకాయ నురుగులో ఉతికి ఎండలో వేసినవి. ఇంకో తీగ మీద నా చీరలు. మధ్యలో మా ఆయన లుంగీ, ఎటు వేయాలో తెలియక. ఉండబట్టలేనప్పుడు మాత్రం ఒక్క మాట అనేది: "కడుగుడంటే ఉన్న వాసన పోవుడు గని, కొత్త వాసన పెట్టుడేంది బిడ్డా?" నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని. నాకు ఇష్టం మరి, ఏం చేయను.

ఆ ముక్కు చేసిన పనులు కొన్ని చెప్తే మీరు నమ్మకపోవచ్చు. ఒక వానాకాలం, గడ్డివాము పక్కనుంచి పోతూ ఠక్కున ఆగింది. "లోపట ఉడుకుతున్నది" అంది. పైన చూస్తే గడ్డి బంగారంలా ఉంది. మా ఆయన నవ్వాడు. అయినా తల్లి మాట కాదనలేక వాము లాగితే, నడిమధ్య నుంచి అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి లేచింది. లోపల చెయ్యి పెట్టలేకపోయాం. ఇంకొన్నాళ్ళు ఉంటే కాలిపోయేదే. మా ఆయన నవ్వు ఆపి ఆమె ముక్కు వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. నేనూ అంతే.

ఆయనకు ఆ ముక్కంటే అంతకు ముందే భయం. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం సెంటు కొట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. అత్తమ్మ కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఎన్నడు లేంది సెంటేందిరా? సిగరెట్ మీద కప్పినవా?"

ఆ రోజుతో ఆయనకు సెంటూ పోయింది, సిగరెట్టూ పోయింది. "సెంటు కొట్టుకున్నోడు ఏమన్న దాస్తుండొచ్చు, లేకపోతే పెండ్లికన్న పోతుండొచ్చు" అని అత్తమ్మ లెక్క. నన్ను మాత్రం ఏ లెక్కలోనూ వేయలేదు. "మా కోడలు బడికి పోతది, పిల్లలకు పువ్వు లెక్క ఉండాలె" అని వాడకట్టులో చెప్పేదట. ఇది నాకు ఆమె పోయిన తర్వాతే తెలిసింది.

ఇప్పుడు బర్రె సంగతి. పోయిన ఎండాకాలం వర్ని దగ్గర ఒక రైతు నుంచి కొన్నాం. మా ఇంట్లోనే ఈనింది, కానీ దుడ్డె దక్కలేదు. దుడ్డె పోతే బర్రె చేపదు. చేపడం అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను: పొదుగులో పాలున్నంత మాత్రాన రావు, బర్రె తనంతట తాను చన్నుల్లోకి వదలాలి. దుడ్డె ముట్టుకుంటే వదులుతుంది. దుడ్డె లేనప్పుడు దేన్ని నమ్మితే దానికి వదులుతుంది. మా బర్రె అత్తమ్మను నమ్మింది.

అత్తమ్మను అంటే, ఆమె చీరను. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదట, నేను చూసేసరికి బూడిద రంగుకు తిరిగింది. కొట్టంలో కొయ్యకు వేలాడేది. పాలు పిండేటప్పుడు దాన్ని ఒంటి మీద కప్పుకుని పోయేది. బర్రె మెడ తిప్పి, ఆ చీరలో మూతి పెట్టి, ఒక పెద్ద ఊపిరి పీల్చేది. అంతే, చన్నులు నిండేవి. మేమంతా దాన్ని బర్రె చీర అనేవాళ్ళం.

వానాకాలంలో అత్తమ్మకు జ్వరం వచ్చింది. నేను పిండుతానని గిన్నె పట్టుకుని పోయాను. టౌనే అయినా మా పుట్టింట్లో బర్రె ఉండేది; పిండిన చెయ్యే, రాక కాదు. ఇలా కూర్చున్నానో లేదో, గిన్నె ఎగిరి గోడకు తగిలింది, నేను పేడలో పడ్డాను. అత్తమ్మ గొంగడి కప్పుకుని వచ్చి, గడపలో నిలబడి, నా నైటీ వాసన పీల్చి, జ్వరంలో కూడా పడీ పడీ నవ్వింది.

"బర్రె కాడికి వచ్చినవా, పెండ్లి బారాత్‌కు పోతున్నవా? దానికి నువ్వెవరో ఎట్ల ఎరుకయితది బిడ్డా?"

కొయ్యకున్న చీర తీసి నా భుజాల చుట్టూ కప్పింది. నా పక్కనే నిలబడి బర్రె వీపు మీద చెయ్యి వేసింది. "ఇగ పిండు" అంది. బర్రె నా భుజం దగ్గరికి మూతి తెచ్చింది. వెచ్చటి ఊపిరి మెడ మీద తగిలింది. నా వేళ్ళ కింద చన్ను బిగుసుకుని, నిండి, పాలు దిగాయి. ఆ చీరను మొదటిసారి నేను కూడా వాసన చూశాను. కుంకుడుకాయ, గడ్డి, చెమట, పొయ్యి పొగ. ఇంకా ఏదో ఉంది, దానికి పేరు లేదు. అది అత్తమ్మ.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మా వాడకట్టులో ఒక పెద్దాయన పోయాడు. అందరూ తలా ఒక సెంటు సీసా తెచ్చి ఆయన మీద కొట్టారు. గౌరవమే అది, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అత్తమ్మ దూరం నుంచే దండం పెట్టి వచ్చి, స్నానం చేసి, కొట్టంలో కూర్చుంది. నేను చాయ్ తీసుకుపోతే అందుకోలేదు.

"బతికినన్ని దినాలు పొలం వాసనొచ్చిన మనిషి. సెంటుల ముంచి పంపిన్రు. ఎవల్ని పంపినట్టు బిడ్డా?"

నేను గ్లాసు కింద పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను గట్ల పంపకు. నా మీద సెంటు కొట్టనియ్యకు. గీ కొట్టం ముందట్నుంచి తీస్కపోర్రి. నా బర్రె నన్ను గుర్తువట్టాలె."

"అట్లనే అత్తమ్మా" అన్నాను. చలి ముదిరేసరికి ఆమెకు ఛాతీలో నెమ్ము చేరింది. దవాఖానలో ఉన్నన్ని రోజులూ చీర కప్పుకుని నేనే పిండాను. బర్రె వాసన చూసేది, నా వెనక ఎవరైనా ఉన్నారా అని చూసేది, గిన్నె అడుగు మునిగేంత వదిలి ఆగిపోయేది. ఈ సంగతి చెప్తే అత్తమ్మ మంచం మీద నుంచి, "దాన్ని తిట్టకు. ఫికర్ వెట్టుకున్నది" అంది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాటల్లో అదొకటి. ఇంటికి తీసుకొచ్చాక రెండో రోజు తెల్లవారుజామున పోయింది.

పొద్దెక్కేసరికి పిట్లం నుంచి మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క, అత్తమ్మకు ఒక్కగానొక్క కూతురు. తల్లి మీద పడి ఏడ్చి ఏడ్చి, సంచిలో నుంచి ఒక సెంటు సీసా తీసింది. తల్లికోసం దారిలో ఆగి మంచిది చూసి కొన్నదట.

"వదినా, వద్దు. అత్తమ్మ వద్దన్నది. నాతోని మాట తీసుకున్నది."

"మా అమ్మకు నేనేం చెయ్యాల్నో నువ్వు చెప్తవా పిల్లా? అందరి అమ్మలను మంచిగ పంపుతరు. మా అమ్మ పేడ వాసనతోని పోవాల్నా?"

ఆమె కళ్ళు చూస్తే నాకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు. తల్లి కోసం తెచ్చుకున్న సీసా అది. ఆ రోజు ఆమె చేయగలిగింది ఇంకేముంది? కానీ నా చేతిని అత్తమ్మ పట్టుకున్న పట్టు ఇంకా అలాగే ఉంది. వాకిలి నిండా జనం, అందరూ మా ఇద్దరినే చూస్తున్నారు. మా ఆయన తల దించుకున్నాడు, అక్క వైపా, భార్య వైపా అని. మళ్ళీ ఆ లుంగీయే గుర్తొచ్చింది నాకు.

"కొట్టం దాటేదాంక ఆగు వదినా" అన్నాను. "బర్రె ముందట్నుంచి పోయినంక నీ ఇష్టం. నేను అడ్డం రాను."

వదిన తల్లి ముఖం వైపు చూసింది. సీసాను పిడికిట్లో పట్టుకుని, "కొట్టం దాంకనే" అంది.

కుంకుడుకాయలతోనే తలస్నానం చేయించాం. కొత్త చీర కట్టాం. దాని మీద నేను బర్రె చీర కప్పితే, వదిన ముఖం తిప్పుకుంది కానీ తీసేయలేదు. అగరొత్తులు గేటు బయట వెలిగించాను. ఇవన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది, రోజూ పాలు పిండే వేళ అయింది. పొద్దున బర్రెను ఎవరూ ముట్టుకోలేదు. గడ్డి వేసినా తినలేదు. పొదుగు రాయిలా ఉంది.

డప్పులు మొదలయ్యాయి. పాడె లేచింది. కొట్టం ముందుకు రాగానే మా ఆయన చెయ్యి ఎత్తాడు, డప్పులు ఆగాయి, మోసేవాళ్ళు పాడెను భుజాల మీంచి నడుము దాకా దించారు. బర్రె అప్పటిదాకా గోడకేసి నిలబడి ఉంది. ఇటు తిరిగింది. పలుపు తెగేంతగా ముందుకు వచ్చి, మెడ చాచి, పాడె అంచున వేలాడుతున్న చీరలో మూతి పెట్టింది. ఒక పెద్ద ఊపిరి పీల్చింది. రోజూ పీల్చేదే.

ముందు చూసింది వదిన. "పిల్లా" అని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. బర్రె చన్నుల్లో నుంచి పాలు కారుతున్నాయి. ఎవరి చెయ్యీ పడకుండానే, నాలుగు చన్నుల నుంచీ, ముందు చుక్కలుగా, తర్వాత ధారగా, గడ్డి మీదా మట్టి మీదా పడుతున్నాయి. చీర వాసనో, కుంకుడుకాయ జుట్టు వాసనో, ఇంకేమిటో నాకు తెలియదు. నా జీవితంలో అంతకు మించినదాన్ని దేన్నీ నేను చూడలేదు.

వదిన సీసాను సంచిలో వేసుకుంది. వంగి తల్లి మెడ దగ్గర ముఖం పెట్టి, బర్రె పీల్చినట్టే పీల్చింది. తర్వాత తల్లి మీది నుంచి ఆ చీర నెమ్మదిగా తీసి, నా భుజాల చుట్టూ కప్పింది.

"కూసో పిల్లా. చేపింది. పాలు నేలపాలు చెయ్యకు, అమ్మ తిడతది."

మా ఇళ్ళలో ఆడవాళ్ళం ఎలాగూ వీధి మలుపు దాకానే పోతాం. నేను అంత దూరం కూడా పోలేదు. గిన్నె తీసుకుని కూర్చున్నాను. డప్పుల చప్పుడు మలుపు తిరిగింది, రోడ్డెక్కింది, దూరమైంది. బర్రె నా భుజం మీది చీరలో మూతి పెట్టి కదలకుండా నిలబడింది. గిన్నె నిండి నురుగు పైకి లేచింది. వదిన ఇంట్లో నుంచి ఇంకో గిన్నె తెచ్చి ఇచ్చింది.