జిల్లేళ్ల మధ్య కుర్చీ

మాదాపూర్‌లో మేము తోటపని చేసే ఆఫీసులో ఒక మేడమ్ ఉండేవారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. కొడవలి పట్టుకుని ఎవరు కనబడినా ఒకటే అడిగేవారు: "ఆకు తిప్పి చూశారా అండీ?"

వలస వచ్చే సీతాకోకచిలుకలు జిల్లేడు ఆకు అడుగున గుడ్లు పెడతాయనీ, ఏటేటా అవి తగ్గిపోతున్నాయనీ చెప్పేవారు. మేము నవ్వుకునేవాళ్లం. "పిచ్చి మొక్కకు గింత ఫికరా!" అనేది మాతో పనిచేసే మల్లమ్మ.

ఒకసారి పెద్ద అతిథులు వస్తున్నారని, గోడవారనున్న జిల్లేళ్లన్నీ కొట్టేయమన్నాడు సూపర్‌వైజర్. మేము వెళ్లేసరికి మేడమ్ వాటి మధ్య కుర్చీ వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ మీటింగులో మాట్లాడుతున్నారు. సాయంత్రం దాకా లేవలేదు. జిల్లేళ్లు బతికాయి.

తర్వాత ఆమె బెంగళూరు వెళ్లిపోయారు. మరుసటి వానాకాలం కొత్త సూపర్‌వైజర్ వచ్చి, "ఇగ కొట్టేయండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మల్లమ్మ కొడవలి కింద పెట్టింది.

"ఆకు తిప్పి సూసిన్రా సారూ?"

తనే తిప్పి చూపించింది. గసగసాల గింజంత తెల్లని గుడ్డు. అతను తల గోక్కున్నాడు. మేడమ్ కుర్చీ వేసుకున్న చోటే మల్లమ్మ చతికిలబడి టిఫిన్ డబ్బా విప్పింది. మేమందరం వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాం.