దాచేపల్లి నీళ్ల డబ్బా

మూడేళ్ల కిందట, జూన్ మొదటి సోమవారం, నరసరావుపేటలోని ఒక కాఫీ, టీ కంపెనీలో క్వాలిటీ ఆఫీసర్‌గా చేరాను. ఏడాదిన్నర చేసి మానేశాను. నా వయసుకి దాన్ని రిటైర్మెంట్ అనకూడదు గానీ, టీ రుచి చూసే పని నుంచి మాత్రం పూర్తిగా రిటైరయ్యాను.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో, చదివింది ఫుడ్ టెక్నాలజీ. కంపెనీ ఒకే కుటుంబానిది. తండ్రి సైకిల్ మీద కాఫీ పొడి అమ్మి మొదలుపెడితే, కొడుకు రంగారావు గారు టీ చేర్చి పల్నాడంతా తిప్పారు. ఆఫీసులో ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు. నాకు అప్పగించిన పనులు రెండు. వెబ్‌సైట్ కోసం కంపెనీ చరిత్ర రాయాలి. ఏ పొడి ఎంత కలుపుతున్నారో కాగితం మీద పెట్టాలి. అప్పటిదాకా ఆ పాళ్లన్నీ బాజీ గారి తలలోనే ఉండేవి. ఆయన బ్లెండర్, అంటే అస్సాం పొడి, నీలగిరి పొడి కలిపే పని ఆయనది.

రుచి చూడటానికి ఒక పద్ధతి ఉంటుంది. కప్పుకి రెండున్నర గ్రాముల పొడి, మరిగిన నీళ్లు, ఐదు నిమిషాలు. దిగిన డికాక్షన్‌ని చెంచాతో జుర్రున పీల్చి, నోరంతా తిప్పి, ఉమ్మేయాలి. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో లేనిది బల్ల కింద ఉంది. నాలుగు తెల్ల డబ్బాలు, వాటి మీద మార్కర్‌తో ఊళ్ల పేర్లు: మాచర్ల, దాచేపల్లి, గురజాల, వినుకొండ. సరుకు దింపి వచ్చే వ్యాన్ ప్రతి వారం ఆయా ఊళ్ల నుంచి నీళ్లు పట్టుకొచ్చేది.

ఈ నీళ్లెందుకని బాజీ గారిని అడిగాను. పెద్దాయన్ని అడగమన్నారు. పెద్దాయన్ని అడిగితే, అది కాఫీ రోజుల్లోనే మా నాన్న పెట్టిన పద్ధతమ్మా, బాజీకి తెలుసు అన్నారు. చరిత్ర రాయడానికి వచ్చినదాన్ని, ఒక్క ముక్క చెప్పే దిక్కు లేదు. ఏ రిజిస్టర్‌లోనూ ఆ డబ్బాల ఊసు లేదు. నాకు ఒళ్లు మండింది. వ్యాన్ డ్రైవర్‌కి నీళ్లు తేవద్దని చెప్పి, బల్ల పక్కన ఫిల్టర్ మెషిన్ పెట్టించాను.

బాజీ గారు ఊరికో పాళ్లలో కలిపి పంపే పొడుల్ని ఆ శుభ్రమైన నీళ్లతో చూస్తే నాలుగు ఊళ్ల టీలకీ పొంతన లేదు. దాచేపల్లిది మరీ చేదు. పొరపాటున అస్సాం పొడి ఎక్కువ పడుతోందని తేల్చేశాను. నాలుగు ఊళ్లకీ ఒకే మిశ్రమం ఖాయం చేసి, ఆ కాగితం పెద్దాయన ముందు పెట్టాను. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. బాజీ గారు కాగితం తీసుకుని, గోనె సంచి విప్పడానికి వెళ్లిపోయారు.

కొత్త పొడి వెళ్లిన రెండో వారం నా ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపింది దాచేపల్లి కోటమ్మ గారు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఆవిడ టీ కొట్టు. అత్తగారి కాలం నుంచి మా పొడే. లారీ డ్రైవర్లు ఆవిడ టీ ఒక గుక్క తాగి, పొడి మార్చిన పక్క కొట్టుకి పోతున్నారట, ఇంకో కంపెనీ ఏజెంట్ ప్యాకెట్లు పట్టుకుని వచ్చాడట. శనివారం దాకా చూస్తానంది. ఆవిడ మారితే గేటు చుట్టూ ఉన్న కొట్లన్నీ మారతాయి. మళ్లీ మన పొడి ఆ లైన్‌లోకి వెళ్లదని సేల్స్ వాళ్లు తేల్చి చెప్పారు.

శుక్రవారం దాచేపల్లి వెళ్లాను. తప్పు ఆవిడ మరిగించే తీరులో ఉందని బస్సులోనే నిర్ణయించుకున్నాను.

"ఆంటీ, ఎన్ని నిమిషాలు మరిగిస్తున్నారు?" అని ఫోన్‌లో టైమర్ పెట్టాను.

"ఆంటీ ఏంది, అక్కా అను. నీ పుట్టుకకి ముందు నుంచీ మరిగిస్తన్నా. ఆ ఫోను సంచీలో పెట్టి, ముందు ఈ గ్లాసు పట్టుకో."

తాగాను. పాలు కలిపిన వేడినీళ్లలా ఉంది, పైన సన్నటి తెట్టు. పాత ప్యాకెట్‌లో మిగిలిన గుప్పెడు పొడి తీసి, అవే నీళ్లతో ఆవిడ ఇంకో గ్లాసు పెట్టింది. అది టీ. నా దగ్గరున్న మినరల్ వాటర్ సీసా నీళ్లతో అదే పాత పొడి మరిగించమన్నాను. నాలుక మీద పెట్టలేనంత చేదు. అప్పుడు ఆవిడ గిన్నె లోపలి వైపు చూశాను. సున్నం వేసినట్టు తెల్లటి పొర కట్టి ఉంది. సున్నపురాయి నేలలో ఊరిన నీళ్లవి. వాటిలో మామూలు పొడి చచ్చిపోతుంది. అందుకే ఆ నీళ్లతోనే రుచి చూసి, ఆ ఊరికి అంత ఘాటు కలుపుతూ వచ్చారు.

అక్కడి నుంచే బాజీ గారికి ఫోన్ చేసి అరిచాను.

"మరి ఆ డబ్బాలు ఎందుకనుకున్నావమ్మాయ్, కాళ్లు కడుక్కోడానికా?"

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"పెద్దాయన నోటితో చెప్తే వింటావని ఆయన దగ్గరికి పంపా. తర్వాత చెప్దామంటే ఫోన్లోంచి తల ఎత్తితే గదా. రెండుసార్లు వచ్చి, నిలబడి, తిరిగి పోయినా."

శనివారం పొద్దున్నే పాత మిశ్రమం మూట వ్యాన్‌లో పంపారు. కోటమ్మ గారు మా పొడితోనే ఉండిపోయింది. పక్క కొట్లు రెండు అప్పటికే మారిపోయాయి. నేనున్నన్నాళ్లూ తిరిగి రాలేదు. బల్ల కిందికి డబ్బాలు మళ్లీ వచ్చాయి.

కంపెనీ చరిత్రలో ఈ నీళ్ల పద్ధతి మీద ఒక పేజీ రాశాను. అందులో రాయదగ్గ సంగతి అదొక్కటే. పెద్దాయన ఆ పేజీ మాత్రం శ్రద్ధగా చదివి కొట్టేశారు. "మన ఊళ్ల నీళ్లు బాగోవని మనమే రాసుకుంటామా అమ్మా?" అన్నారు. వాదించాను, ఒప్పుకోలేదు. అదే పేజీని ప్రింట్ తీసి, డబ్బాల పైన గోడకి అంటించాను. దాన్ని ఎవరూ పీకలేదు.

కారణం కనబడని పద్ధతిని ఆపే ముందు దాన్ని రోజూ చేసే మనిషిని అడగాలి. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి. మొదటిది నేను చేశాను.