సీఫస్ విట్లో చెవులు

చెవులు సరిగా వినిపించని మనిషి తయారుచేసిన పాటల రికార్డును మీరు కొంటారా?

కొనరు. మొహమాటపడనక్కరలేదు, ఉత్తర ఫిలడెల్ఫియాలో ఎవరూ కొనరు. ఆ సంగతి అందరికంటె బాగా తెలిసినవాడు సీఫస్ విట్లోనే. అందుకే 1976 వసంతం మొదలుకొని రెండేళ్లపాటు, ఆ ప్రశ్న తన ముందుకు రాకుండా చూసుకోవడానికే ఆయన తన తెలివితేటల్లో సగం ఖర్చుపెట్టాడు.

అది మొదలైన తీరు చాలా చిన్నది. ఒక మధ్యాహ్నం స్టూడియోలో, అప్పుడే వాయించిన పాటను మళ్లీ వినడానికి టేపును వేగంగా వెనక్కి తిప్పుతున్నారు. టేపు ఎక్కడో ఒరుసుకుని కీచుమంది. గదిలో ఉన్న ఆరుగురూ చెవులు మూసుకుని మొహాలు చిట్లించారు. విట్లో ఒక్కడే తాపీగా కాఫీ కలుపుకుంటూ నిలబడ్డాడు. డ్రమ్ములు వాయించే హాలిస్ అది చూసి, "ప్రొఫెసర్ నరాలు ఇనప తీగల్రా బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. విట్లో కూడా నవ్వాడు గాని, చేతిలోని చెంచా కప్పులో కదలడం మానేసింది. ఆనాటినుంచి టేపు వెనక్కి తిరిగినప్పుడల్లా ఎదుటివాళ్ల మొహాలు గమనించి, వాళ్లు చిట్లించగానే తానూ చిట్లించడం అలవాటు చేసుకున్నాడు.

ఆ వాడలో ఆయనను ప్రొఫెసర్ అనడానికి కారణం ఏ కళాశాలా కాదు. సంగీతంతో బతకడానికి ఎన్ని దారులున్నాయో అన్నింటిలోనూ నడిచినవాడు కావడమే. పదకొండేళ్లప్పుడు తల్లి వెళ్లే చర్చిలో ఆర్గన్ వాయించేవాడికి జ్వరం వస్తే ఆ పీట ఎక్కాడు. కాళ్లు అందక, కింది మెట్లను అక్కచేత తొక్కించాడు. పదిహేడో ఏట ట్రాంబోన్ అనే పొడవాటి బాకా పట్టుకుని ఒక నృత్యబృందం బస్సెక్కి, దక్షిణాదిలో నల్లవాళ్లకు తిండి పెట్టే హోటలు దొరకని ఊళ్లలో చల్లారిన వేపుడు కోడి తింటూ ఏడేళ్లు తిరిగాడు. సైన్యంలో బ్యాండు నడిపాడు. యుద్ధం తర్వాత వేగం పుంజుకున్న కొత్త జాజ్‌ను వెక్కిరించిన పెద్దవాళ్ల పక్కన కూర్చునే, ఆ కొత్త బాణీలకు స్వరాలు రాసిచ్చాడు. పెళ్లయ్యాక ఇల్లు గడవడానికి పాఠశాలలో పిల్లలకు సంగీతం చెప్పాడు. ఒక సబ్బుకు, రెండు రొట్టెల కంపెనీలకు రేడియో పాటలు కట్టాడు. 1961లో, గొడుగుల దుకాణం మూతబడిన ఒక మేడలో తనకు తెలిసిన వాద్యగాళ్లను పోగుచేసి రికార్డులు తీయడం మొదలుపెట్టాడు. ఆ స్టూడియోను తర్వాత ఒక కంపెనీ తన నీడలోకి తీసుకుంది. ఏటా జూన్‌లో ఒప్పందం తిరగరాసుకుంటూ, ఆయననే నిర్మాతగా ఉంచుతూ వచ్చింది. ఇన్ని పనులు చేసినవాణ్ని ఎగతాళి చేయనివాళ్లు లేరు. పెళ్లికీ చావుకీ సబ్బుకీ ఒకే మనిషి చాలు ఈ ఊరికి అని, ఆయన ముందే అనేవారు.

ఏడేళ్ల బస్సు బతుకే ఆ చెవులను తినేసింది. నృత్యబృందంలో ట్రాంబోన్ల వరుసకు వెనక ట్రంపెట్లుంటాయి, పక్కన డ్రమ్ముల మీది ఇత్తడి పళ్లేలుంటాయి. ప్రతి రోజూ అయిదు గంటలు ఆ రెంటి నడుమ కూర్చున్న చెవి వయసు మళ్లాక లెక్క తేల్చుకుంటుంది. ముందుగా పోయేది సన్నని, పైస్థాయి ధ్వనులు. మనిషి గొంతు వినిపిస్తుంది, పియానో వినిపిస్తుంది. పళ్లెం మీద పుల్ల తాకిన తళుకు మాత్రం వినిపించదు. విట్లో ఏ వైద్యుడి దగ్గరికీ పోలేదు. ఊళ్లో మంచి చెవి వైద్యుడి వరండాలో ఎప్పుడు చూసినా సగంమంది తన వాద్యగాళ్లే ఉంటారు మరి.

దాచుకున్నంతకాలం దాచుకోగలిగేవాడేమో. ఇంతలో మోజెల్ ప్రూయిట్ రికార్డు వచ్చింది.

మోజెల్‌కు యాభై ఎనిమిదేళ్లు. పగలు బడి వంటశాలలో పెద్ద గంటె తిప్పేది. నలభై ఏళ్లుగా ఎవరెవరి రికార్డుల్లోనో వెనక నిలబడి వంతపాట పాడింది గాని, అట్ట మీద ఆమె పేరు ఒక్కసారీ రాలేదు. ఆమె పేరుతో ఒక రికార్డు తీస్తానని విట్లో పదేళ్ల కిందటే మాటిచ్చి, కంపెనీని ఒప్పించేసరికి 1978 వచ్చింది. ఇద్దరికీ తెలుసు, రెండో అవకాశం ఉండదని. ఆ రికార్డు తన చెవుల పాపాన పాడైతే ఆ మనిషికి ఇక మిగిలేదేమీ లేదన్న భయం విట్లోకు పట్టుకుంది. నిజం చెబితే జూన్‌లో ఒప్పందం ఉండదు, ఆ రికార్డును మధ్యలో ఎవడో దారినపోయేవాడి చేతికిస్తారు. చెప్పకపోతే తన చేత్తోనే దాన్ని పాడుచేయవచ్చు. ఈ రెంటిలో ఏది తక్కువ తప్పో తేల్చుకోకుండానే మూడు రోజులు పాటలు రికార్డు చేసి, ఆ తర్వాత వారం గొంతునూ వాద్యాలనూ పాళ్లు సరిచూసి కలిపే పనికి, వాళ్ల మాటల్లో తూచే పనికి, కూర్చున్నాడు.

ఆ పనిలో ఆయనకు తోడు డెల్ఫీన్ రకర్. ముప్ఫై రెండేళ్ల మనిషి. టేపు యంత్రాలను, మైకులను, పొడవాటి మీటల బల్లను తొమ్మిదేళ్లుగా చూసుకుంటోంది. ఆ బల్ల మీద సన్నని ధ్వనులను పెంచే మీట ఒకటి విట్లో కుడిచేతి కింద ఉండేది. దానికి ఆయన పెట్టుకున్న పేరు వెలుగు. మోజెల్ పాటలన్నింటికీ ఆ వెలుగు చాలడంలేదనిపించింది ఆయనకు. మీట పైకి తోశాడు. ఇంకా చాలలేదు. చివరి అంచుదాకా తోశాడు. డెల్ఫీన్ తల ఊపి, బాగుందంది.

పరీక్ష కోసం చేసిన తొలి రికార్డు శుక్రవారం చేతికొచ్చింది. తన చెవుల మీద ఆయనకు నమ్మకం లేదు. అందుకని శనివారం మధ్యాహ్నం దాన్ని చంకన పెట్టుకుని ఓథో క్షౌరశాలకు వెళ్లాడు. ఆ దుకాణంలో మర్యాద కోసం మెచ్చుకోవడమన్నది లేదు. బాగోలేని పాట వేస్తే, కుర్చీలో ఉన్నవాడు సబ్బు నురగతోనే లేచి వెళ్లి దాన్ని ఆపేస్తాడు. ఆ రోజు ఎవరూ లేవలేదు. ఉత్తరాలు పంచే ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట అయ్యాక విట్లో, ఆ పళ్లేల చప్పుడు చెవిలో గుచ్చుకోవడంలేదా అని రెండుసార్లు అడిగాడు.

ఓథో కత్తిని తోలు మీద సానపడుతూ, "గుచ్చుకోవడమేంటి ప్రొఫెసర్? వాన రేకు మీద పడ్డట్టు లేదు, ఆకుల మీద పడ్డట్టుంది" అన్నాడు. "నీ దిగులంతా ఆ పళ్లేల మీదే. ఆవిడ పాడుతుంటే వినవేం?"

సంతోషించవలసిన మాట. కాని విట్లో ఇంటికి నడుస్తూ ఒక్కొక్క సంగతినే విడిగా పెట్టి చూసుకున్నాడు. మీట చివరిదాకా తోసింది తన చెయ్యే, అందులో సందేహం లేదు. అంత తోస్తే పళ్లేలు సూదుల్లా పొడుస్తాయి, మాటల్లోని సకారాలు పాముల్లా బుసకొడతాయి. అది యంత్రం స్వభావం, దానికి జాలి ఉండదు. ఓథో దుకాణంలో జాలి అంతకంటె ఉండదు. యంత్రమూ అబద్ధమాడక, మనుషులూ అబద్ధమాడకపోతే, అబద్ధం ఈ రెంటి మధ్య ఇంకెక్కడో ఉండాలి.

సోమవారం పొద్దున తొమ్మిదికి, ఎవరూ రాకముందే స్టూడియో తెరిచి, చిన్న దీపం పట్టుకుని మీటల బల్ల కిందికి దూరాడు. అరవై ఏళ్ల మోకాళ్లకు అది సులువైన పని కాదు. తన మీట కిందనుంచి బయలుదేరిన తీగను వేలితో తడుముకుంటూ పోయాడు. జానెడు దూరం పోయి, కొసన నల్లపట్టీ చుట్టుకుని, దేనితోనూ కలవకుండా అది గాలిలో వేలాడుతోంది.

రికార్డులు తీసే ప్రతిచోటా ఉన్న పాత ఆచారమే ఇది. కంపెనీ అధికారో, గాయని మొగుడో వచ్చి కూర్చుని, ఆ ధ్వని పెంచు ఈ ధ్వని తగ్గించు అని ప్రాణం తీస్తుంటే, వాళ్ల చేతికి దేనికీ కలపని మీట ఒకటి ఇస్తారు. వాళ్లు దాన్ని కాసేపు అటూ ఇటూ జరిపి, ఇప్పుడు కుదిరిందంటారు. గదిలోని వాళ్లంతా అవునవునంటారు. పని సాగిపోతుంది. ఈ మేడలో ఆ ఉపాయం మొదట ప్రయోగించినవాడు విట్లోనే. డెల్ఫీన్ పనిలో చేరిన వారంలోనే ఆమెకు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాడూ ఆయనే. చెవులు బాగున్న రోజుల్లోనైతే ఆ మోసం ఆయన ముందు ఒక్క పాట నిలిచేది కాదు.

డెల్ఫీన్ గుడ్డు రొట్టెల సంచితో లోపలికి వచ్చేసరికి బల్ల కిందనుంచి రెండు బూట్లు బయటికి కనిపిస్తున్నాయి. ఆమెకు అర్థమైంది. సంచి పక్కన పెట్టి నేల మీదే కూర్చుంది.

"ఎప్పటినుంచి?" అన్నాయి బూట్లు.

"రెండేళ్ల కిందటి ఏప్రిల్ నుంచి. మీరు తూచి పంపిన టేపు ఒకటి రికార్డులు అచ్చువేసేవాళ్ల దగ్గర్నుంచి తిరిగొచ్చింది. మీకు చెప్పలేదులెండి. ఇంత కీచుతనం పెడితే రికార్డు మీద గాడి కొయ్యడం మావల్ల కాదని రాశారు. నేను మళ్లీ తూచి పంపాను. ఆ మర్నాడే తీగ విప్పేశా."

"ఎన్ని రికార్డులు?"

"మోజెల్ గారిదాంతో పదకొండు."

"ఆ పదకొండింట్లో ఒక్కటైనా నేను..."

"ఒక్కటి కూడా పాడవలేదు, విట్లో గారూ. నేనున్నాగా."

బల్ల కిందనుంచి వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో డెల్ఫీన్‌కు వెంటనే తెలియలేదు. రెండేళ్లుగా ఆయన రికార్డుల దుకాణాల ముందునుంచి పోవలసి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు. తన పేరు చూసి కొన్నవాళ్లందరికీ తాను బాకీ పడ్డాననుకున్నాడు. పడలేదు. ఎవరికీ ఏ అన్యాయమూ జరగలేదు. మోజెల్ పాట క్షేమంగా ఉంది. నేల మీద వెల్లకిలా పడుకుని ఆయన ఛాతీ నిండా ఊపిరి పీల్చాడు. అలా పీల్చి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాకగాని కోపం రాలేదు. "నాకు చెప్పి ఉండాల్సింది నువ్వు" అన్నాడు.

"మీరు నాకు చెప్పి ఉండాల్సింది" అంది డెల్ఫీన్, గొంతు పెంచకుండానే. "అట్ట మీద పేరు మీది. చెవి బాలేదని ముందు చెప్పాల్సింది పేరున్నవాళ్లా, పేరు లేనివాళ్లా?"

గౌరవంకొద్దీ ఆడినా అబద్ధం అబద్ధమే. అయినా ఈ అబద్ధం ఖర్చు మాత్రం ఒక్కరే భరించారు. పదకొండు రికార్డులు తూచిన మనిషి పేరు ఒక్క అట్ట మీదా, ఎంత చిన్న అక్షరాల్లోనూ లేదు.

పదింటికి మోజెల్ వచ్చింది, అచ్చుకు పోబోయే అట్ట నమూనా చూసుకోవడానికి. విట్లో ఆమెను కూర్చోమని, తన చెవుల సంగతి నోటితో మొదటిసారి చెప్పాడు. ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ఓపికగా విన్నది.

"అయ్యిందా?" అంది. "టేపు కీచుమన్నప్పుడు నువ్వు మొహం చిట్లించేది మాకంటే ఒక దెబ్బ ఆలస్యంగా, సీఫస్. అంతమంది వాద్యగాళ్ల మధ్య తాళం తప్పి చిట్లిస్తే తెలీదనుకున్నావా? హాలిస్ మొదటి నెల్లోనే పట్టేశాడు."

"తెలిసీ నీ రికార్డు నా చేతిలో పెట్టావా?"

"నాలుగో పాటకి శ్రుతి అరమెట్టు దించమన్నదెవరు? మూడో చరణంలో పియానో ఆపించి నన్ను ఒంటరిగా వదిలేసిందెవరు? నలభయ్యేళ్లలో నా గొంతు అలా విన్నోడు ఇంకోడు లేడు. నీకు వినపడనివి పళ్లేలు. నేను పళ్లేన్ని కాదుగా."

ఆ మాటతో ఆయన మనసులో మిగిలిన ముడి కూడా వదులైంది. మీటల బల్ల దగ్గరి కుర్చీ తనది కాదు. వాద్యగాళ్ల మధ్య నిలబడే చోటు మాత్రం ఇంకా తనదే. ఈ రెండూ ఒక్కటేనని రెండేళ్లుగా తనకు తానే పొరబడ్డాడు.

ఆడవాళ్లిద్దరూ మాత్రం ఈ సంగతి గోడ దాటనక్కరలేదన్నారు. జూన్ ఇంకా ఆరు వారాలుంది. కొత్త ఒప్పందం చేతికొచ్చాక, నెమ్మదిగా, వీలు చూసుకుని చెప్పవచ్చన్నారు. డెల్ఫీన్ తనకు పేరు అవసరం లేదని కూడా అంది, తలవంచుకుని. అవసరం లేనివాళ్లు తలవంచుకుని చెప్పరు.

విట్లో అట్ట నమూనాను వెలుతురు కేసి పట్టుకుని చూశాడు. మోజెల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కింద, నిర్మాత సీఫస్ విట్లో అని ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కంపెనీ కార్యదర్శికి ఫోను చేశాడు. ఈ అట్ట మీద నిర్మాతలుగా రెండు పేర్లుండాలని, రెండోది డెల్ఫీన్ రకర్ అని అక్షరం అక్షరం చెప్పి రాసుకోమన్నాడు. వెనకటి పది రికార్డులను మళ్లీ అచ్చు వేసినప్పుడల్లా వాటి మీదా ఆ పేరు చేర్చాలన్నాడు. అలా పాత అట్టలు మార్చాలంటే దస్త్రంలో కారణం చూపాలని అవతలినుంచి కార్యదర్శి అడిగింది. డెల్ఫీన్ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"నాకు చెవులు వినపడవు కాబట్టి, ఆ పని ఆవిడ చేసింది కాబట్టి అని రాయండి" అన్నాడు విట్లో. "జూన్‌దాకా ఆగక్కర్లేదు. ఇవాళే రాయండి."