మా బావ బార

మా బావ, అంటే అక్క మొగుడు, పడవలోనే పోయాడు. గాలాలు వేస్తూ వేస్తూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఆయన్ని ఒడ్డుకు తెచ్చింది నేనే. ఆ ప్రయాణం గురించి రాయను. రాయడం నాకిష్టం లేదు.

దినాలు అయ్యాక అక్క ఒకటే మాట పట్టుకుంది. "ఆయన్ని నువ్వు తెచ్చినావు. నీకేమన్నా అయితే నిన్నెవరు తెస్తారురా? అమ్మేయ్ ఆ పడవని."

విడవలూరు నుంచి ఎవరో కొనడానికి వచ్చి పడవను తట్టి, ఇంజను చెవిదగ్గర పెట్టుకున్నట్టు విని, మళ్ళీ వస్తామని పోయారు. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళాం పిల్లలు లేనివాణ్ణి. పడవ కూడా పోతే తెల్లారి లేచి ఏం చేయాలో నాకు తెలియదు. అందుకని అక్కకు ఒక మాట ఇచ్చాను. వేట నిషేధం వచ్చేలోగా మా పారను నేనొక్కడినే పట్టుకోగలిగితే పడవ ఉంటుంది, లేకపోతే అమ్మేద్దాం అని.

పార అంటే నీళ్ళ అడుగున ఉండే రాతి గుట్ట. చుట్టూ అంతా బురద, మధ్యలో ఆ కాసిన్ని రాళ్ళు. చేపలన్నీ అక్కడే. ఎవరి పార గుట్టు వాళ్ళది, పక్క పడవవాడికి చచ్చినా చెప్పరు. మా పని పంచుకున్న తీరు ఇదీ. నేను వెనక ఇంజను దగ్గర కూర్చుని, సరుగుడు తోపు అంచు మీదికి పవర్ ప్లాంటు చివరి పొగగొట్టం వచ్చేట్టు చూసుకుంటూ ఆ గీత తప్పకుండా నడిపేవాణ్ణి. బావ ముందు నిలబడి సీసపు గుండు కట్టిన తాడు వదిలి, దాన్ని రెండు చేతులా బార్లా చాపి లాగుతూ, ఒక్కో చాపుకు ఒక బారగా లోతు లెక్కపెట్టేవాడు. "పదకొండు" అని కేక వేస్తే ఇంజను ఆపేవాణ్ణి. పదకొండు బారల లోతులో మా పార. నాకు తెలిసింది అంతే.

ఇప్పుడు ఒక్కడినే. తాడు వేయడానికి ముందుకు పోతే పడవ మొహం తిప్పేసుకుంటుంది. ఇంజను దగ్గరే కూర్చుంటే లోతు తెలియదు. ఎటూ తోచక మద్రాసు వెళ్ళి, విప్పేసిన పాత బోటులోంచి తీసిన చార్టు ప్లాటరు ఒకటి కొన్నాను. పడవ ఎక్కడుందో సముద్రపు పటం మీద చూపించే పెట్టె అది. తెర గీతలు పడి ఉంది, ఒక బొత్తాం రెండుసార్లు నొక్కితే గాని పలకదు. అందులో ఉన్నది గుజరాత్ పటం. మన దగ్గర పెడితే తెర అంతా ఉత్త నీలం, మధ్యలో మా పడవ గుర్తు ఒక్కటే.

అమ్మినతను మన తీరం పటం ఫోనుకు పంపాడు. దాన్ని మెమరీ కార్డులోకి ఎక్కించుకుని పెడితే పెట్టె ససేమిరా అంది. మళ్ళీ ఫోను చేశాను. "అది పాతకాలం మిషన్ అన్నా, పెద్ద కార్డు చదవదు. చిన్నది, రెండు జీబీది పెట్టండి," అన్నాడు. గూడూరులో సెల్ షాపులన్నీ తిరిగితే నవ్వారు. చివరికి ఒకాయన పగిలిపోయిన ఫోనులోంచి ఊడదీసి ఊరికే ఇచ్చాడు. దాంట్లో ఎక్కించి పెడితే అప్పుడు వచ్చింది మా ఒడ్డు, మా కాలువ మొగ, సముద్రం నిండా లోతు అంకెలు. ఎంత సంతోషం వేసిందో! చూపించడానికి పక్కన ఎవరూ లేరు. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియక బీడీ ముట్టించుకున్నాను.

లోతు దేనిలో చూపించాలని పెట్టె అడుగుతుంది. మీటర్లా, అడుగులా, బారలా? బారలే పెట్టాను. మా లెక్క అదే కదా.

మర్నాడు పొగగొట్టం గీత పట్టుకుని తిన్నగా వెళ్ళి, పటంలో పదకొండు అన్నచోట ఆగాను. గాలాలు వేస్తే బురద, రెండు జెల్లలు. ఇంకోరోజు వెళ్ళాను, బురద. వారమంతా బురదే. ఆ గీత మీద అటూ ఇటూ తిరుగుతూ పడవలో నాలో నేనే తిట్టుకునేవాణ్ణి. బావ ఉన్నప్పుడు తిట్టుకోవడానికైనా మనిషి ఉండేవాడు. అమ్మినతనికి ఫోను చేసి నీ పటం తప్పుడు పటమన్నాను. "పటం కరెక్టే అన్నా, మీరే సరిగ్గా పోతా ఉండరేమో చూసుకోండి," అన్నాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నాడని ఫోను పెట్టేశాను.

పెట్టె అబద్ధమని తేల్చుకోవాలని, అదే చోట లంగరు వేసి బావ తాడు తీసి వదిలాను. లాగుతూ లెక్కపెడితే పన్నెండు వచ్చింది. పెట్టె పదకొండు అంటుంది, తాడు పన్నెండు అంటుంది, పార మాత్రం లేదు. మళ్ళీ లాగాను, మళ్ళీ పన్నెండే. చాచిన నా చేతుల వంక చూసుకున్నాను. పొట్టివి. బావ నన్ను ఎప్పుడూ ఏడిపించేవాడు, నేనాయన్ని ఆజానుబాహుడని వెక్కిరించేవాణ్ణి. అప్పుడు తట్టింది. నేను ఇన్నేళ్ళూ విన్న పదకొండు ఆయన చేతుల పదకొండు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వారంరోజులు పెట్టెను ఆడిపోసుకున్నాను.

తిన్నగా అక్క దగ్గరికి పోయాను. "అక్కా, బావ బార ఎంతుంటాది?" అన్నాను.

అక్క చేటలో బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది. తర్వాత లేచి పంచలో రెండు స్తంభాల మధ్య నిలబడింది. "పొద్దున లేస్తానే ఈడ నిలబడి ఒళ్ళు విరుచుకుంటాడు. ఈ చెయ్యి దీనికి తగిలేది, ఆ చెయ్యి దానికి తగిలేది. ఇంకెవురికీ అందదు," అంది.

నేను నిలబడి చూశాను. ఒక స్తంభం అందింది. రెండో చేయి గాలిలో ఉండిపోయింది. టేపు పెట్టి కొలిస్తే ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. పెట్టెలో బార అంటే ఆరడుగులే, కాబట్టి ఆయన పదకొండు బారలంటే దాని లెక్కలో పన్నెండు దాటాలి. మా సముద్రం నేల మెల్లగా దిగుతుంది, ఒక్క బార తేడా అంటే చాలా దూరం.

మర్నాడు పన్నెండు దాటాక ఆగాను. మొదటి గాలానికే గుండు రాతిని తాకి టక్కుమంది. ఎర్ర చేపలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్కడినే లాగాను, ఒక్కడినే ఏడ్చాను.

సాయంత్రం చేపల బుట్ట తెచ్చి అక్క ముందు దించాను. చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

"దొరక్కూడదని మొక్కుకున్నానురా," అంది. "దొరక్కపోతే నువ్వన్నా ఒడ్డున ఉంటావని."

"మరి ఆ కొలత నాకెందుకు చెప్పినావు?"

అక్క పైట కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆయన పోయినాక ఆయన్ని గురించి నన్ను ఎవురన్నా ఒక్క మాట అడిగినారా? నువ్వు అడిగినావు. ఎట్టా చెప్పకుండా ఉండేది?"