ఆర్మూరు పసుపు కళ్ళంలో నా ప్రార్థన

దవాఖానా మానేసి ఆశ్రమంలో చేరిపోదామనుకున్నాను. ఆ మాటకు ఒక పెద్దామె ఆశీర్వాదం తెచ్చుకుందామని ఆర్మూరు ప్రయాణం కట్టాను. నిజామాబాదు దగ్గర ఒక చిన్న మిషన్ దవాఖానాలో పుండ్ల వార్డు నర్సును నేను. కొన్ని నెలలుగా నాకు ప్రార్థన కుదరడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే బకెట్ల చప్పుడు, "సిస్టరమ్మా" అని పిలుపులు, అవి లేకపోతే నిద్ర. దూరంగా ఉన్న ఆ ఆశ్రమంలోనైతే రోజంతా మౌనమేనట, వాళ్ళు రమ్మన్నారు కూడా. ఉంటానో వెళ్తానో సోమవారం మా మేట్రన్‌కు చెప్పాలి. ఆర్మూరులో శాంతమ్మగారని ఒకామె ఉన్నారు. ఎన్నో ఏళ్ళు బైబిల్ స్త్రీగా ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. ఎవరి ప్రార్థన ఎక్కడ చిక్కుపడిందో కూర్చుని వినడం, వాళ్ళకు దారి దొరికేదాకా తోడుండడం ఆమె అలవాటు. సలహాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ అని విన్నాను. నాకు కావలసింది మాత్రం ప్రశ్నలు కాదు, "వెళ్ళు" అనే ఒక్క మాట.

శనివారం పొద్దున ఏడింటి బస్సు నిజామాబాదులో ఎక్కాను. పదహారు మైళ్ళు, గంట పైనే పడుతుంది. రూపాయి ఇస్తే టికెట్ పోను చిల్లర తిరిగొస్తుంది. ఎడమ వైపు కూర్చుంటే ఎండ తగలదని ఎవరో చెప్పారు గానీ, పోచంపాడు ఆనకట్ట పనికి పోయే కూలీలు పారలతో, గంపలతో అన్ని వైపులా నిండిపోయారు. నాకు దొరికింది ఇంజను పక్క సీటు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు కదా అని తెల్లచీర కట్టుకొని, సంచిలో బైబిలు పెట్టుకొని గంభీరంగా కూర్చున్నాను. డ్రైవరు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "ఆర్మూర్ల పసుపు ఉడుకవెట్టే దినాలు గివి. గీ తెల్లచీర కట్టుకొని ఎవలన్న పోతరా అమ్మా?" అన్నాడు. నేను పోయేది ప్రార్థనకని చెప్పాను. "ఏడికి వోయినా పసుపైతె అంటుతది," అని నవ్వి గేరు మార్చాడు.

అతని మాట నిజమే. బస్సు దిగకముందే వాసన వచ్చింది. గుట్ట మీది నల్లని గుండ్లు కనిపించేసరికి పొగకు కళ్ళు కూడా మండాయి. బస్టాండు ఎదుట హోటల్లో చాయ తాగి, వంటామెను దారి అడిగాను. మక్క రొట్టె తిప్పుతూనే చెప్పింది: "శాంతమ్మనా? ఇంట్ల దొర్కది బిడ్డా. రాజవ్వ కళ్ళంల ఉంటది. పొగ లేశిన దిక్కు నడువు." ఊరి చుట్టూ ఎటు చూసినా పొగే. అయినా రాజవ్వ పేరు చెప్తే అందరూ దారి చూపించారు. గుట్ట దిక్కు పావుగంట నడక. రిక్షా అడిగితే బేరమాడతారు, నడవడమే మేలు.

నేను ఊహించుకున్నది కిటికీ పక్కన కుర్చీ, గోడ మీద సిలువ, ఒక నిశ్శబ్దమైన గది. కనిపించింది పెద్ద ఇనుప కడాయి, కింద భగభగమనే మంట, పక్కనే కొంగు నడుముకు చుట్టుకొని చెరుకు ముక్క నములుతున్న శాంతమ్మగారు. డెబ్భై దాటిన మనిషి. పక్కన రాజవ్వ. పసుపు చేను ఆమెది, వీళ్ళిద్దరివీ గోడ కలిసిన ఇళ్ళు. నేను దండం పెట్టి, "కొంచెం నిశ్శబ్దంగా మాట్లాడుకునే చోటుందా అమ్మా?" అని అడిగాను. "ఉంటుండె బిడ్డా. గా అర్రల గిప్పుడు పసుపు వోశినం," అన్నారామె. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, పైగా కోపం వచ్చింది. సెలవు పెట్టుకొని, ఇంజను వేడి తిని వచ్చింది దీనికా అనిపించింది.

కడాయిలో పచ్చి కొమ్ములు నింపి, నీళ్ళు పోసి, పైన పసుపు ఆకులు పరిచి, వాటి మీద తడి గోనెసంచులు కప్పారు. "జర దీని కాడ కూసో, మేము కట్టెలు తెస్తం," అని ఇద్దరూ వెళ్ళారు. ఉడికిందో లేదో ఎట్లా తెలుస్తుందని నేను అడగనే లేదు. దవాఖానాలో ఏది కాగబెట్టినా మూత తీసి చూడడమే నాకు తెలిసిన పద్ధతి. గోనె ఎత్తి చూశాను. ఆవిరి ముఖాన కొట్టింది. కాసేపాగి మళ్ళీ చూశాను. పుల్లతో గుచ్చాను, దిగలేదు. మళ్ళీ ఎత్తాను. రాజవ్వ కట్టెలతో తిరిగొచ్చి నా చేతిలో గోనె చూసి, మోపు అక్కడే పడేసింది.

"ఓ సిస్టరమ్మా, గట్ల గడెగడెకు తీస్తె అది ఎన్నడుడుకాలె? ఆవిరంత బయటికే వాయె. ఉడికినంక వాసన అదే చెప్తది, మనం అడుగుడెందుకు?"

సిగ్గుతో ముఖం వేడెక్కింది. శాంతమ్మగారు గోనె సరిగ్గా కప్పి, నా పక్కన కూర్చుని మెల్లగా అడిగారు.

"ప్రార్థన కాడ గూడ గిట్లనే జేస్తవా బిడ్డా?"

నేను చేసేది అదే మరి. కళ్ళు మూసుకొని రెండు నిమిషాలు కాకముందే, శాంతి వచ్చిందా, దేవుడు వచ్చాడా, నిన్నటికంటే బాగుందా అని నన్ను నేనే తడుముకుంటాను. ఏమీ రాలేదని లేచిపోతాను. ఉన్నదంతా ఆమె ముందు కుమ్మరించాను: వార్డు, చప్పుడు, ఆశ్రమం, సోమవారం. ఏడ్చాను కూడా. ఆమె అంతా విని ఒకటే అడిగారు. "గా పుండ్లకు పట్టీ ఇప్పేటప్పుడు నీకు ఎట్లుంటది?"

"నొప్పి తెలియకుండా విప్పాలి కదా. ఊపిరి బిగబట్టుకుంటాను. అప్పుడు నాకు ఏ చప్పుడూ వినిపించదు."

"మరి గదేంది?"

"అది పని అమ్మా."

"పనేనా?" అన్నారు, అంతే. చెరుకు ముక్క ఒకటి నా చేతిలో పెట్టారు.

నన్ను ఆశ్రమానికి పొమ్మంటారా, వద్దంటారా అని పట్టుబట్టాను. "పో అని అన, ఉండు అని అన. నీకు ఆయనకు నడుమ నేనెవల్ని? రా, గీ సంచి వట్టు," అన్నారు. అంతకుముందు ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు ఒక సంచిలో సగం దాకా పోసి మూతి కట్టారు. ఇద్దరు చెరొక అంచు పట్టుకొని ఇటూ అటూ గుంజితే, లోపల కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని పొట్టు రాలిపోతుంది. "గుంజినప్పుడు 'ప్రభువా' అను. ఇడిశినప్పుడు 'ఇక్కడున్న' అను. నోట్లనే అనుకో. ఇంకేం అడుగకు," అన్నారు శాంతమ్మగారు, రెండో అంచు తాను పట్టుకొని.

గుంజాను, విడిచాను. మొదట భుజాలు నొప్పెట్టాయి, తర్వాత తెల్లచీర సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. సంచి గరగర, నా ఊపిరి, ఆ రెండు మాటలు మిగిలాయి. ఎప్పుడో కడాయి దిక్కు నుంచి గుప్పున కొత్త వాసన వచ్చింది. "ఉడికింది," అని రాజవ్వ కేకేసింది. ఎండ నడినెత్తికి వచ్చి ఉంది. ప్రార్థన కుదిరిందా అని ఆ పొద్దంతా నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు. అది తెలిసి నవ్వు ఆగలేదు. శాంతమ్మగారు ఎందుకని అడగకుండానే నాతో కలిసి నవ్వారు.

జొన్న రొట్టె, పచ్చిపులుసు తిని మూడింటి బస్సుకు తిరుగుముఖం పట్టాను. సోమవారం వార్డుకు వెళ్ళేసరికి చేతులకు పసుపు ఇంకా వదల్లేదు. ముసలి పోశెట్టి పట్టీ విప్పబోతుంటే నా చేతులు పట్టి చూశాడు. "ఏంది సిస్టరమ్మా, మాకు జెప్పకుంట లగ్గం జేస్కున్నవా?" వార్డంతా గొల్లుమంది. నేనూ నవ్వి, వంగి, ఊపిరి బిగబట్టి పట్టీ మెల్లగా విప్పాను. ప్రభువా, ఇక్కడున్నా. తలెత్తేసరికి మేట్రన్ గుమ్మంలో నిలబడి ఉంది, నా జవాబు కోసం. "ఇక్కడే ఉంటాను మేడమ్," అన్నాను.

ఆశ్రమాలు వద్దని కాదు. అక్కడికి పిలుపు ఉన్నవాళ్ళు తప్పక వెళ్ళాలి. నేను మాత్రం పిలుపు విని కాదు, చప్పుడు నుంచి పారిపోతూ బయలుదేరానని ఆ కళ్ళంలో తెలిసింది. నాకు ఇప్పటికీ ప్రార్థనలో నిద్ర వస్తుంది, బకెట్లు ఇప్పటికీ మోగుతాయి. మూత మాత్రం తీయడం లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆర్మూరు వెళ్ళేవారికి ఒక్క మాట. పసుపు ఉడికే రోజుల్లో, పొద్దున మొదటి బస్సుకే వెళ్ళండి, తెల్లచీర కట్టుకోకండి. కట్టుకున్నారా, ఇక దాన్ని ఉతికి తెల్లగా చేయాలని చూడకండి. నాది అట్లాగే ఉంచుకున్నాను, ఆదివారాలు కట్టుకుంటున్నాను.