నేను రాసుకోని పేరు

నేను చూసుకునే పెద్దావిడ పోయిందన్న కబురు మొదట చెప్పింది ఆవిడ మనవరాలే. సోమవారం పొద్దున జెర్సీ సిటీలోని వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి బయల్దేరుతుంటే ఫోన్ చేసి, "ఆంటీ, ఇవాళ రావద్దు. నాయనమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది.

తొంభై దాటిన ఆ చైనా ఆవిడకి రెండేళ్ళు స్నానం చేయించాను, అన్నం తినిపించాను. ఆ పని ఇచ్చినందుకు దేవునికి రోజూ కృతజ్ఞతలు చెప్పుకునేదాన్ని. ఆవిడ కథలు వినడానికి మాత్రం మనసొప్పేది కాదు. నన్ను బడికి పంపకుండా మా నాన్నే బైబిలు చేతికిచ్చి చదువు చెప్పారు. నాటకాలు పాపమని నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. ఆవిడేమో షాంఘైలో నాటకాల మనిషి.

అందరూ ఆడవాళ్ళే ఉండే బృందంలో ఈవిడవి మగవేషాలు. "నీ మొగుడికంటే నేనే బాగా మొగుడిలా నడుస్తాను, చూస్తావా?" అని వాకర్ పట్టుకుని రెండడుగులు వేసేది.

"ముందు కూర్చోండమ్మా, పడతారు" అనేదాన్ని. ఇద్దరిదీ అతుకుల ఇంగ్లీషే.

పల్లెల్లో ఆడే రోజుల్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆట మానేసేవాళ్ళట. షాంఘై వచ్చాక మొదట టీకొట్టు మేడమీద ఆడారు. తర్వాత బృందం ఓనరు పెద్ద హాలు తీసుకున్నాడు. నంబరు వేసిన కుర్చీలు, టికెట్లు, పేపర్లో ప్రకటనలు, రోజుకి రెండాటలు. మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఈవిడనీ, నాయిక వేషం వేసే అమ్మాయినీ జంటగా చూడటానికే వచ్చేవాళ్ళు. గుమ్మం మీద ఇద్దరి పేర్లూ కరెంటు దీపాలతో వెలిగేవి. ఇక ఆట ఆపడమన్న మాటే లేదు.

ఆవిడ పోకముందు చివరి శనివారం నేను జుట్టు దువ్వుతుంటే చెప్పింది.

"ఆ పిల్లకి పదహారేళ్ళు. క్షయ. జ్వరమంటే ఓనరు 'హాలు నిండింది, పౌడరు వెయ్యండి' అన్నాడు. చివరి సీనులో నాయిక నా ఒళ్ళో చచ్చిపోవాలి. దగ్గింది, రక్తం పడింది. మా వేషాల్లో చొక్కా చేతులు బారెడు వేలాడతాయి. నా చెయ్యి దాని మొహానికి అడ్డం పెట్టాను. జనం ఏడుస్తూ చప్పట్లు కొట్టారు."

"మంచికే చేశారు కదమ్మా."

"మంచికా? అడ్డం పెట్టకపోతే తెర దించేవాళ్ళు. నేను పాట పూర్తి చేశాను."

ఆ పిల్ల నాలుగు రోజులకే పోయిందట. ఆ వారమే గుమ్మం మీద ఇంకో అమ్మాయి పేరు వెలిగిందట.

"దానికెవరూ లేరు. గుమ్మం మీద వెలిగింది స్టేజీ పేరే. అసలు పేరు నాకొక్కదానికే తెలుసు. రాసుకో, మీ చర్చిలో చెప్పు" అంది.

నాటకాల అమ్మాయి పేరు చర్చిలో చదివించడమా అని వెనక్కి తగ్గాను. "మందుల టైమైందమ్మా. సోమవారం రాసుకుంటాను."

"పెన్ను మర్చిపోకు."

ఆవిడ పోయాక, ఆ పిల్ల పేరు తెలుసా అని మనవరాలిని అడిగాను. "నాయనమ్మ స్టేజ్ మీద చేసేదని తెలుసు ఆంటీ. అంతకంటే నాకేమీ చెప్పలేదు" అంది.

తర్వాతి ఆదివారం చర్చి ప్రార్థనలో లేచి నిలబడి "షాంఘైలో ఒక అమ్మాయి" అన్నాను. పేరు చెప్పలేక కూర్చున్నాను. దేవునికి తెలుసు, అందుకు స్తోత్రం. కానీ నాకు తెలియాల్సింది, నేనే తప్పించుకున్నాను. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఆ పదహారేళ్ళ పిల్లని ఒక్కసారి తలచుకోండి.