తుడిచేసిన నూనె బొట్టు

లారీ కొన్న కొత్తలో నన్ను బాగా చిరాకు పెట్టింది అమ్మ నూనె సీసా. మా చర్చిలో పాస్టర్ గారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె అది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా నుదుటికి రాసేది, కొత్త బండి వస్తే దానికీ రాసేది. నేను బయలుదేరేటప్పుడల్లా బంపర్ మీద వేలితో శిలువ గుర్తు వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. కాగితం మిల్లు దగ్గర కర్ర దింపడానికి లైన్లో ఉన్నప్పుడు తోటి డ్రైవర్లు చూసి, "బండికి తలంటు పోసినవా ఏందన్నా?" అని ఆటపట్టించేవారు. దాంతో ఊరు దాటగానే బండి ఆపి గుడ్డతో తుడిచేసేవాణ్ణి. నూనె మీద దుమ్ము పేరుకుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు ఆ మిల్లుకే జామాయిల్ కర్ర వేసుకుని చండ్రుగొండ వైపు నుంచి సారపాక పోతున్నాను. అక్కడున్న అక్క ఇంట్లో దింపమని అమ్మ కూడా ఎక్కింది. దారిలో బంకులో డీజిల్ కొట్టించాను. ఈ కొత్త రకం లారీలకు డీజిల్ ట్యాంకు పక్కనే నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. పొగలో విషం తగ్గడానికి అందులో యూరియా నీళ్లు పోయాలి. బంకులోనే డబ్బా కొని అవి నేనే పోసుకుని, మూత పెట్టకుండానే టీ తాగడానికి పోయాను. వచ్చేసరికి మూత బిగించి ఉంది. బంకులో డీజిల్ కొట్టే మనిషే బిగించి ఉంటాడనుకున్నాను.

అడవి రోడ్డు ఎక్కిన కాసేపటికే మీటర్ల మధ్య ఇంజను బొమ్మ పసుపు రంగులో వెలిగింది. తర్వాత బండి లాగడం మానేసింది. ఎంత తొక్కినా ఎద్దుబండి నడకే. నాకు కోపం వస్తే ఆలోచన పక్కకు పోతుంది. డీజిల్లో నీళ్లు కలిపారని అక్కడికక్కడే తీర్పు చెప్పేసి, బండి తిప్పుకుని మెల్లగా బంకుకే వచ్చాను.

డీజిల్ కొట్టినతను వయసులో నాకంటే చాలా పెద్ద. లోపలి గూడెం నుంచి సైకిల్ మీద వచ్చి పనిచేసుకునే మనిషి. "ఏంరా, నీళ్లు కలిపి అమ్ముతున్నవా? దొంగ ముఖమోడా" అన్నాను. ఇంకా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. "గట్ల అనకు బిడ్డా, పెద్దమనిషి" అని అమ్మ చెయ్యి పట్టుకుంటే, విదిలించుకుని ఆమెను క్యాబిన్లో కూర్చోమన్నాను.

"నాకేం ఎరుక లేదు. కొట్టుడొక్కటే నా పని" అన్నాడతను. ఈలోగా బంకు యజమాని బయటికొచ్చాడు. అందరి ముందూ బంకు పేరు పోతుందనుకున్నాడేమో, అతని చేతిలో పైపు లాక్కున్నాడు. "సంగతి తేలేదాక పక్కకు కూసో. నిజమైతే రేపట్నుంచి పనికి రాకు" అన్నాడు. అతను వెళ్లి గాలి కొట్టే మిషన్ పక్కన కూర్చున్నాడు.

నేను ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. ఫిల్టర్ కింది నుంచి కొంచెం డీజిల్ సీసాలోకి వదిలి ఎండకు పట్టి చూశాడు. నీటి చుక్క లేదు. స్కానర్ తగిలించాడు. "డీజిల్ మంచిగనే ఉందన్నా. యూరియా ఖరాబైందని చూపిస్తుంది" అన్నాడు.

"అయితే యూరియా కూడా కల్తీదే అమ్మిండ్రు" అన్నాను. తగ్గడం నాకు చేతకాదు.

మెకానిక్ నీలం మూత తీసి ఫోన్ లైటు వేశాడు. వాసన చూశాడు. "ఇండ్ల కొబ్బరినూనె ఎవరు పోసిండ్రన్నా?" అని నవ్వాడు.

అమ్మ క్యాబిన్లోంచి దిగింది. "నేనే పోసిన. మీద రాస్తే వీడు తుడిచేస్తుండు. లోపలైతే తుడవలేడని పోసిన" అంది.

ఆమెకు తెలుసన్నమాట. ఎన్నాళ్లుగా తెలుసో అడిగే ధైర్యం లేకపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. అమ్మ వల్ల అందరి ముందూ తల కొట్టేసినట్టయిందని మనసులో విసుక్కుంటూ వెళ్లి క్యాబిన్లో కూర్చున్నాను. నా సిగ్గంతా ఆ నూనె గురించేనని అప్పటికి నా అభిప్రాయం.

అమ్మ గాలి మిషన్ దగ్గరికి నడిచి చేతులు జోడించింది. "తప్పు నాదయ్యా. నా వల్ల నువ్వు మాట పడ్డవ్. మాఫ్ చెయ్యి."

అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. "మీరు తెల్వక నూనె పోసిండ్రమ్మా. నన్ను దొంగ అన్నది మీరు కాదు గద" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అద్దం దించి ఉంది కాబట్టి నాకు వినబడింది.

అమ్మ నావైపు తిరిగి చూడలేదు. జోడించిన చేతులు దించనూ లేదు.

దిగాను. యజమాని దగ్గరికి వెళ్లి, "డీజిల్ మంచిదే. ఆయన తప్పేం లేదు" అన్నాను. తిట్టినప్పుడు రోడ్డవతలి దాకా వినిపించిన నా గొంతు ఆయనకే వినబడలేదు. "ఏంది?" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన పైపు తీసి అతనికిచ్చాడు.

నేను అతని ముందుకు వెళ్లి "అన్నా" అన్నాను.

"బండి జర పక్కకు పెట్టుండ్రి సార్, ఎనక లైనున్నది" అన్నాడతను. పొద్దున డీజిల్ కొట్టేటప్పుడు నన్ను తమ్మీ అని పిలిచాడు.